జబ్బార్ భాయ్ మార్చిన నక్షత్రాలు

చొప్పదండి బస్టాండు ఎదురుగా జబ్బార్ కంప్యూటర్ అంగడి ఉంది. ముందు గదిలో జిరాక్సు మిషను, రంగుల ప్రింటరు, కొత్త కంప్యూటరు, దాని వెనక కుర్చీలో జబ్బార్. ఆ గదికీ ఇంటికీ మధ్య ఒక పచ్చ పరదా. పరదా వెనక అతని భార్య రషీదా. అంగట్లో ఎవరేమన్నా ఆమెకు వినబడుతుంది. ఆమె ఏమనుకున్నా అంగడికి వినబడదు. వాళ్ల కాపురం ఇన్నేళ్లు నిలబడిందంటే అది ఆ గుడ్డ చలవే.

జబ్బార్ ఒకప్పుడు ఎమ్మార్వో ఆఫీసు ముందు టైపు మిషను పెట్టుకుని దరఖాస్తులు కొట్టేవాడు. ఆ వీధికి మొదటి కంప్యూటరు తెచ్చింది అతనే. అందులో అబద్ధం లేదు. కానీ ఆ రోజు నుంచి, దాన్ని కనిపెట్టింది కూడా తానే అన్నట్టు నడవడం మొదలుపెట్టాడు. నిన్నటి వస్తువు ఏదైనా అతని కంటికి చెత్తే. చక్కగా మండుతున్న ఇనుప స్టవ్వును "పాత వర్షన్" అని తీసేసి అద్దం స్టవ్వు తెచ్చాడు. బిర్యానీ డేగ్చా ఎక్కించిన మొదటి ఈద్‌కే అది ఫట్టున పగిలింది. ఒకసారి రషీదా తల్లిని పట్టుకుని "అవుట్‌డేటెడ్" అన్నాడు. ఆ ముసలామెకు అర్థం తెలియక "అల్లా నిన్ను సల్లగ జూడాలె బేటా" అని దీవించింది. రషీదాకు అర్థం తెలుసు. ఆ పూట అతని పప్పులో ఉప్పు పడలేదు.

కొత్తొక వింత, పాతొక రోత అంటారు. జబ్బార్ దగ్గర వింత రోత కావడానికి ఒక వానాకాలం చాలు. ఇంట్లో ఎంత పాతబడినా అతను మార్చనిది తన బుర్ర ఒక్కటే.

ఆ అంగడికి అసలు పేరు తెచ్చింది జాతకాలు. ఎప్పుడో కరీంనగర్ నుంచి వచ్చిన ఒకాయన పాత కంప్యూటరులో జాతకాల ప్రోగ్రాం ఎక్కించి పోయాడు. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు. పుట్టిన తేదీ, గడియ, ఊరు కొడితే పక్కనున్న పాత ప్రింటరు పందిపిల్లలా అరుచుకుంటూ నక్షత్రం, రాశి, పొంతన అన్నీ అచ్చు వేసేది. చుట్టుపక్కల పల్లెల హిందువులంతా తమ నక్షత్రాల కోసం జబ్బార్ దగ్గరికే వచ్చేవారు. అతను నోట్లో బిస్మిల్లా అనుకుని, కాగితం మీద శ్రీరస్తు కొట్టి మొదలుపెట్టేవాడు. ఎవరికీ అందులో వింత కనబడలేదు. పెళ్లిళ్లు చేయించే అయ్యగారే "నాకు కండ్లు ఆనుతలేవు, జబ్బార్ దగ్గర కాయితం తీసుకొని రాండ్రి" అనేవాడు.

అట్లా నడుస్తున్న బండికి జబ్బార్ అడ్డం పడ్డాడు. పాత విండోస్‌ను ఇక పట్టించుకునేవాళ్లు ఉండరనీ, కొత్తది వేసుకోవాలనీ తెర మూలన ఒక నోటీసు రావడం మొదలైంది. లోకంలో అందరికీ వచ్చే ఆ నోటీసును అతను తనకొక్కడికే వచ్చిన టెలిగ్రాం అనుకున్నాడు. వారం తిరగకముందే కొత్త కంప్యూటరు, కొత్త విండోస్, కొత్త ప్రింటరు వచ్చాయి. వాటికి దండలు కూడా వేశాడు.

పాత జాతకాల ప్రోగ్రాంను తెచ్చి అందులో వేస్తే, ఇది ఈ కంప్యూటరులో నడవదు అని తెర మీద ఒక డబ్బా వచ్చింది. జబ్బార్ దాన్ని కుడివైపు నొక్కాడు, ఎడమవైపు నొక్కాడు, పాత విండోస్‌లాగా నడిపించు అనే గుర్తులన్నీ పెట్టి చూశాడు. తెర ఒకసారి కన్నుగొట్టి మూసుకుంది. కరీంనగర్‌కు ఫోన్ చేస్తే, ఆ ప్రోగ్రాం రాసినాయన ఇప్పుడు లేడనీ, అంత పాతది ఇంత కొత్తదాంట్లో ఎక్కదనీ చెప్పారు. పాత ప్రింటరు వైరు పెట్టడానికి కొత్తదానికి రంధ్రమే లేదు.

ఇదంతా అతన్ని పెద్దగా బాధపెట్టలేదు. అతన్ని కుంగదీసింది ఇంకొకటి. పాతదాంట్లో ఒక కార్ల పందెం ఆట ఉండేది. ఎర్ర కారు, కొండల మధ్య రోడ్డు. అన్నం తిన్నాక రోజూ ఆడేవాడు. అది కూడా కొత్తదాంట్లో తెరుచుకోలేదు. ఆ రోజు జబ్బార్ మాంసం కూర ముందు కూర్చుని కూడా సరిగ్గా తినలేదు. మామ పోయిన రోజు కూడా ఇంతకంటే ఎక్కువ తిన్నాడని రషీదా గుర్తు చేసుకుంది.

పాత కంప్యూటరును పాత సామాన్ల కబాడీకి ఇచ్చేశానని ఊరందరికీ చెప్పాడు. ఇంట్లో ఉందంటే కొత్తదాని మీద నమ్మకం లేదనుకుంటారట. నిజానికి అది వెనక గదిలోకి, బియ్యం సంచికీ బొంతల పెట్టెకూ మధ్యలోకి చేరింది. మధ్యాహ్నం షట్టరు సగం దించి, అక్కడ కూర్చుని కారు నడిపేవాడు. మలుపు వస్తే మనిషి కూడా ఆ పక్కకు ఒరిగేవాడు. నెత్తి మీద వెంట్రుకలు పోయిన మనిషి బియ్యం సంచి మీదికి ఒరిగి "హట్ హట్" అంటుంటే చూసి, తన పెళ్లికి మధ్యవర్తిగా వచ్చినవాణ్ణి రషీదా మరోసారి తిట్టుకునేది.

జాతకాల కోసం అతను ఎక్కడి నుంచో ఊరికే దొరికే ఒక కొత్త ప్రోగ్రాం దించుకున్నాడు. అంతా రంగులే. పైన వినాయకుడు, చుట్టూ పూల అంచు. పుట్టిన ఊరు అడిగే చోట పెద్ద పట్టీ వచ్చింది. అందులో చొప్పదండి లేదు. కరీంనగర్ వెతికితే దొరకలేదు. అక్కడ ముందే ఏదో ఊరు పేరు ఇంగ్లీషులో ఉంది. జబ్బార్ దాన్ని అట్లాగే వదిలేశాడు.

"ఊరు పెట్టవా?" అని పరదా వెనక నుంచి రషీదా అడిగింది.

"ఆస్మాన్ ఒక్కటే గదా. ఊరుతోటి ఏం పని?" అన్నాడు.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే మనిషితో నాలుగో కాలు గురించి మాట్లాడటం ఆమె ఎప్పుడో మానేసింది. దీపావళి నుంచి రంగు కాగితాలు ఊరంతా తిరిగాయి. జనం వాటిని లామినేషన్ కూడా చేయించుకున్నారు.

రషీదా దగ్గరికి మధ్యాహ్నం పూట పక్కింటి కావ్య వచ్చి కూర్చునేది. ఇద్దరూ చీరలకు ఫాల్ కుట్టేవారు. కావ్య తండ్రి సాంబయ్య సాంచాల మీద కూలికి బట్ట నేస్తాడు. ఆ సాంచాల చప్పుడులో పెరిగినందుకేమో, కావ్య మాట మాత్రం బహు మెల్లగా ఉంటుంది. ఆమెకు ఇచ్చోడ నుంచి సంబంధం వచ్చింది. పిల్లవాడి పేరు నరేశ్, జిన్నింగు మిల్లులో పని. తండ్రి లేడు. అన్నీ చూసేది మేనమామ మొండయ్య.

పిల్లను చూడటానికి వచ్చిన రోజు సంగతి కావ్య సూది మీదనుంచి కళ్లు ఎత్తకుండా చెప్పింది.

"అందరు వంట వస్తదా అని అడుగుతరు గదక్కా. ఆయన, నీకు పత్తి వాసన పడ్తదా అని అడిగిండు. ఇంటికొచ్చేసరికి నెత్తినిండ పత్తే ఉంటదట."

"నువ్వేమన్నవు?"

"సాంచాల దుమ్ముల పుట్టినదాన్ని, నాకు పత్తేం లెక్క అన్న. నవ్విండు." కొంచెం సేపు కుట్టి, "నాకు గాయనే కావాలె అక్కా" అంది. అంతకంటే పెద్ద మాట ఆ పిల్ల నోట రషీదా వినలేదు.

పూలుపండ్లు పెట్టి సంబంధం ఖాయం చేసుకునే ముందు పొంతన చూపించుకుని రమ్మన్నాడు అయ్యగారు. సాంబయ్య, మొండయ్య, నరేశ్ అంగడికి వచ్చారు. పరదా వెనక రషీదా చెవి ఒగ్గి నిలబడింది.

"జబ్బార్ భాయ్, మంచిగ చూసి చెప్పు. పిల్లది రోహిణి అంటది మా ఇంటామె," అన్నాడు సాంబయ్య.

"నేను చూసుడేందన్నా? కంప్యూటర్ చూస్తది."

ప్రింటరు సుతారంగా కాగితం బయటికి తోసింది. జబ్బార్ గొంతు సవరించుకుని చదివాడు. "పిల్ల మృగశిర. పిల్లగాడు చిత్త. ఇద్దరిది మధ్యనాడి. ఏకనాడి దోషం పడ్డది సాబ్."

మొండయ్య లేచి నిలబడ్డాడు. "ఏకనాడా? ఇగ సంతానం నిలుస్తదా? మా అక్కకు ఒక్కడే కొడుకయ్యా."

"రోహిణి పోయి మృగశిర ఎట్లయింది భాయ్?" సాంబయ్య కాగితం మీదికి వంగాడు.

"అది పాత లెక్క. అప్పటి విండోస్ వేరు. ఇది లేటెస్టు."

"విండోస్ మారితే నక్షత్రం మారుతదా?"

"అన్ని మారుతయన్నా. అప్‌డేట్ అయితయి."

నరేశ్ ఏదో అనబోతే మొండయ్య చేయి పట్టి బయటికి నడిపించాడు. జబ్బార్ వెనక నుంచి "లామినేషన్ చేయమంటరా?" అని అడిగాడు.

మరునాడు కావ్య వచ్చి ఫాల్‌ను చీరకు పైవైపు పెట్టి మూరెడు కుట్టింది. రషీదా చూసి చీర లాక్కుని విప్పడం మొదలుపెట్టింది.

"మృగశిర అంత చెడ్డదా అక్కా?"

"నాకేమెరుక బిడ్డా. మాదాంట్ల నక్షత్రం జూడరు, ముఖం జూస్తరు. ముఖం జూసే నేను మోసపోయిన."

కావ్యకు నవ్వు రాలేదు. "రేపు వాళ్లు వస్తున్నరట. చూడవచ్చిననాడు పెట్టిన చీర, గాజులు వాపసు తీసుకొని, మాట లేదనుకొని పోతరట. ఆయన ఇంకొక్కసారి చూపిద్దాం అంటున్నడు. మామ వింటలేడు."

"మీ అవ్వ ఏమంటది?"

"అవ్వ ఒక్కటే మాట. కన్ననాడే అయ్యగారు రోహిణి అని చెప్పిండు, గీ మృగశిర యాడికెల్లి వచ్చింది అంటది. జబ్బార్ భాయ్ ఏమో అవ్వది అవుట్‌డేటెడ్ అంటున్నడు."

ఆ మాట వినగానే రషీదా చేతిలో దారం పుటుక్కున తెగింది.

వెనక గదిలో నుంచి "హట్ హట్" వినబడుతోంది. కావ్యను పంపించేసి ఆమె అక్కడికి వెళ్లింది. కూతురి పేరు పెట్టి అతన్ని పిలవడం ఆమె అలవాటు.

"యుమ్నా అబ్బా, బండి ఆపు."

"ఆగు ఆగు. ఆఖరి చక్కర్."

"గదే డబ్బాల ఆ పిల్ల జాతకం తీయి. పాతదాంట్ల ఏమొస్తదో చూద్దాం."

జబ్బార్ చేయి ఆగింది. ఎర్ర కారు పోయి కొండకు గుద్దుకుంది. "దివానా అయినవా? ఇది కబాడీల పోయింది అని ఊరంత చెప్పిన."

"ఊరికి చెప్పుకో. కాయితం తీసి సాంబయ్యన్న చేతుల పెట్టు."

"దీపావళి నుంచి ఎన్ని కాయితాలిచ్చిన నేను! ఒక్కటి తప్పంటే అన్ని తప్పంటరు. అందరు అంగడి మీద పడ్తరు. ఎవరి పెండ్లి ఆగితే మనకేంది? మన యుమ్నాదా?"

ఈ మనిషికి తప్పు తెలియక కాదు నోరు మూసుకున్నది, తెలిసే మూసుకున్నాడని రషీదాకు ఆ క్షణాన అర్థమైంది. మూర్ఖుడితో కాపురం చేయడానికి ఆమె ఎప్పుడో అలవాటుపడింది. పిరికివాడితో కూడానని ఇప్పుడు తెలిసింది. గోడ అవతలి కావ్య ఇంటికి పోయి ఒక్క మాట చెప్పి వచ్చింది: రేపు వాళ్లు ఊరికి పోయే ముందు మా అంగడికి తోలుకొని రాండ్రి.

మరునాడు మధ్యాహ్నం అందరూ వచ్చారు. సాంబయ్య, అతని భార్య శంకరవ్వ, మొండయ్య, నరేశ్. కావ్య గడప బయట చెప్పుల దగ్గర నిలబడింది. మొండయ్య చంకలో, వాపసు తీసుకున్న చీర, గాజుల సంచి.

"పిల్లగాడు వింటలేడు భాయ్. ఇంకొక్కసారి చూడు, మా పని అయిపోతది," అన్నాడు మొండయ్య.

జబ్బార్ ఉత్సాహంగా వేళ్లు విరుచుకున్నాడు. మళ్లీ కొట్టాడు. మళ్లీ అదే వచ్చింది. "చూసిండ్రా? మనిషి మాట మారుస్తడు. కంప్యూటర్ మార్చది."

"అయితే ఇగ మాకు సెలవియ్యి సాంబయ్య బావా," అని మొండయ్య సంచి సర్దుకున్నాడు. శంకరవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నరేశ్ గడప వైపు చూశాడు. అక్కడ కావ్య తలెత్తలేదు.

అప్పుడు పచ్చ పరదా పక్కకు జరిగింది. ఆ అంగట్లో నలుగురి ముందు రషీదా గొంతు వినబడటం అదే మొదలు.

"సాంబయ్యన్నా, పాత కంప్యూటర్ కబాడీల లేదు. ఇంట్లనే ఉంది. మా ఆయన రోజు దాంట్ల కారు నడుపుతడు."

జబ్బార్ పరదా మళ్లీ లాగబోయాడు. ఆమె వెనక గది తలుపు బార్లా తీసి పక్కకు నిలబడింది. బియ్యం సంచి పక్కన తెర వెలుగుతోంది. కొండల మధ్య రోడ్డు మీద ఎర్ర కారు ఆగి ఉంది.

మొండయ్య ముందుకు వంగి చూశాడు. "మస్తుందయ్యా కారు. ఎంత మైలేజీ ఇస్తది భాయ్?"

"అది... టెస్టింగు," అన్నాడు జబ్బార్.

"టెస్టింగ్ కోసం కింద మెత్త గూడ ఏసుకున్నవు," అంది శంకరవ్వ.

ఇంతమంది కళ్ల ముందు ఇక తప్పలేదు. జబ్బార్ కారును మూసి, నల్ల తెర తెరిచాడు. కావ్య తేదీ, గడియ, ఊరు చొప్పదండి. నరేశ్ తేదీ, గడియ, ఊరు ఇచ్చోడ. పాత ప్రింటరు కీచుమంటూ లేచింది. నరేశ్ కాగితం చింపుకుని తనే చదివాడు.

"పిల్ల రోహిణి. పిల్లగాడు హస్త. ఏకనాడి లేదు మామా! పొంతన మంచిగ కుదిరింది."

"అయితే ఏది ఖరా, ఏది తప్పు?" అన్నాడు మొండయ్య.

నరేశ్ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి పట్టి పట్టి చూశాడు. రంగు కాగితం అడుగున, పూల అంచు కింద, చీమల్లాంటి ఇంగ్లీషు అక్షరాలు ఉన్నాయి. వాటిని కూడబలుక్కుని చదివి తల పైకెత్తాడు.

"ఇందుల పుట్టిన ఊరు టొరంటో అని ఉంది. ఇద్దరిది గదే."

"అదేడుంది?"

"కెనడాల."

శంకరవ్వ కొంగు వదిలేసింది. "కెనడానా? గీ పిల్లను నేను సర్కారు దవఖాన్ల కన్న! వేములవాడ దాటి నేను యాడికి పోయిన్నయ్యా? నన్నెవరు తోలుకపోయిండ్రు కెనడా, నువ్వా?"

"ఆస్మాన్ ఒక్కటే గదా అనుకున్న వదినా," అన్నాడు జబ్బార్.

"ఆకాశం ఒక్కటే. మనకు పగలైతే వాళ్లకు రాత్రి గదనయ్యా," అన్నాడు మొండయ్య. "ఆ దిక్కు దేశాలల్ల ఆడే క్రికెట్ మ్యాచు మనం నిద్ర ఆపుకొని చూస్తలేమా? నీ గడియారం ఎక్కడ వెట్టి మా పిలగానికి దోషం అంటగట్టినవు?"

గడప బయట కావ్య మొదటిసారి తలెత్తింది. నరేశ్ చూశాడు. మొండయ్య చంకలో సంచి తీసి శంకరవ్వ చేతిలో పెట్టాడు. అంతే, పెళ్లి నిలబడింది.

ఇప్పుడైనా తన మొగుడు తప్పయిందని ఒక్క ముక్క అంటాడని రషీదా చూసింది. ఆమెకు కావలసింది అంతే. జబ్బార్ లేచాడు, మోకాళ్లు దులుపుకున్నాడు, ఛాతీ విరిచాడు.

"అందుకే గదా పాతదాన్ని నేను భద్రంగ దాచి పెట్టింది! ఎన్నటికైన పని వడ్తది అని. ముందు చూపుండాలె సాబ్ మనిషికి."

మొండయ్య తల ఊపాడు. "అవును భాయ్. పెద్ద బుద్ధి నీది." సాంబయ్య దండం కూడా పెట్టాడు. మొన్ననే ఆ మనిషి వాళ్ల పిల్ల బతుకును చించి లామినేషన్ చేస్తానన్నాడని అందరూ మరిచిపోయారు. నరేశ్ ఒక్కడు రషీదా వైపు తిరిగి చేయెత్తి సలాం చేశాడు.

జబ్బార్ భయపడ్డట్టు ఊరు వచ్చి అంగడి మీద పడలేదు. ఊరు అతనికంటే గడుసుది. రంగు కాగితంలో మంచి వచ్చినవాళ్లు దాన్ని కదిలించలేదు. అద్దం కట్టించి గోడకు పెట్టుకున్నారు. చెడు వచ్చినవాళ్లు మాత్రం "జర పాతదాంట్ల చూడు భాయ్" అని వచ్చారు. పాతదాంట్లో కూడా చెడే వస్తే, "మల్ల కొత్తదే ఖరా కావచ్చు" అని గొణుక్కుంటూ పోయారు. జబ్బార్ బోర్డు రాయించాడు: పాత పద్ధతి, కొత్త పద్ధతి, రెండు విధముల జాతకములు లభించును. కొత్తదాంట్లో ఊరు మాత్రం మార్చలేదు. టొరంటోలో పుట్టిన పిల్లలు చొప్పదండిలో ఇంకా పెరుగుతూనే ఉన్నారు.

దీపిక అనే పిల్ల తండ్రి కూడా వచ్చాడు. శీతాకాలంలో రంగు కాగితం వల్లే ఆ పిల్ల సంబంధం తిరిగిపోయింది. పాతదాంట్లో చూస్తే పొంతన కుదిరింది. కానీ ఆ పిల్లవాడికి వేరే చోట పెళ్లయిపోయింది. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని బస్టాండు వైపు నడిచాడు. ఆ సాయంత్రం జబ్బార్ రొట్టె తుంచుకుంటూ, "పాపం, ఆయనకు ఊరికెనే తీసిచ్చిన" అన్నాడు, ఏదో దానం చేసినట్టు. రషీదా రొట్టెల గిన్నె మూత పెట్టి లోపలికి తీసుకుపోయింది. "ఇంకొకటి ఉండె గదా" అని అతను వెనక నుంచి అన్నాడు.

పెళ్లి దగ్గరికొచ్చాక కావ్య శుభలేఖ పట్టుకుని వచ్చింది. చెంపలకు అప్పుడే నలుగు పెట్టిన రంగు. రషీదాకు బొట్టు పెట్టబోయి ఆగి, నవ్వి, చేతిలో పండ్లు పెట్టింది.

"ఒక్క మాట అడుగుత, దాచకు," అంది రషీదా. "ఆనాడు పాతదాంట్ల గూడ ఏకనాడే వస్తే ఏం జేస్తుంటివి బిడ్డా?"

"ఏం గాకపోతుండె అక్కా. ఆయన అప్పటికే కరీంనగర్ల ఇంకో అంగడి చూసి పెట్టిండు," అంది కావ్య. "వాళ్లు మొదలు ఏం రావాల్నో అడిగి, తర్వాత ప్రింట్ తీస్తరట."